రాజు మీద భక్తా, పొరుగువాడి మీద పగా?

పదకొండో తరగతి చదువుతున్న మీ అమ్మాయి అమెరికా చరిత్ర క్లాసుకి ఒక వ్యాసం రాస్తోందన్నారు. విప్లవ కాలంలో బ్రిటన్ రాజు వైపు నిలబడ్డ లాయలిస్టులకీ, తిరగబడ్డ పేట్రియట్లకీ ఇప్పటి రెండు పార్టీలూ (డెమోక్రాట్లు, రిపబ్లికన్లు) వారసులని తేల్చాలని ఆమె ఉద్దేశం. "యూరప్ వైపు మొగ్గే అమెరికా ఒకటి, యూరప్ పొడ గిట్టని అమెరికా ఇంకొకటి, ఈ రెండూ అప్పట్నుంచీ కొట్టుకుంటూనే ఉన్నాయి" అనేది ఆమె వాదన. అది నిలుస్తుందా అని అడిగారు.

ఇక్కడి ఒక కమ్యూనిటీ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా ఈ పాఠాలే చెబుతున్నానండీ. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఈ పోలికతో ఎవరో ఒక విద్యార్థి నా గదికి వస్తారు. వాళ్లకి చెప్పిందే మీకూ చెప్తాను. వారసత్వం అన్న మాట నిలవదు. కానీ అమ్మాయి ఒక మంచి ప్రశ్న దగ్గరికి వచ్చింది, దాన్ని వదిలెయ్యనివ్వకండి. దూరదేశం మీద పెంచుకున్న అభిమానమూ, ఉన్న ఊళ్లో తగవూ ఒకదాన్నొకటి ఎలా అల్లుకుంటాయన్నది ఆ ప్రశ్న. దానికి జవాబు 1776లో కొంత దొరుకుతుంది, 1795లో ఇంకా చాలా దొరుకుతుంది.

ముందు లాయలిస్టులంటే ఎవరో చూద్దాం. బడి పుస్తకాల్లో వాళ్ల బొమ్మ ఒకటే: విగ్గు పెట్టుకున్న గవర్నరు, పక్కన ఒక ధనిక వర్తకుడు. అలాంటివాళ్లు లేకపోలేదు. మసాచుసెట్స్‌లో పెద్ద పదవుల్లో ఉన్న థామస్ హచిన్సన్ ఇంటిని 1765 ఆగస్టులో, స్టాంపు పన్ను గొడవల్లో, జనం ఒక్క రాత్రిలో పాడుబెట్టారు. తర్వాత గవర్నరు కూడా అయ్యాడాయన. 1774లో ఇంగ్లండు వెళ్లి, పుట్టిన బోస్టన్‌ని మళ్లీ చూడకుండానే 1780లో కన్నుమూశాడు.

కానీ అదే రాజు పక్షాన న్యూయార్కులోని హడ్సన్ లోయ కౌలుదార్లు కూడా ఉన్నారు. అక్కడి లివింగ్‌స్టన్ కుటుంబం మన లెక్కలో పెద్ద జమీందార్లు. వాళ్లు పేట్రియట్లు కాబట్టే వాళ్ల కౌలుదార్లలో చాలామంది రాజు గెలవాలనుకున్నారు. దొర ఓడితే దున్నుతున్న భూమి తమదవుతుందని ఆశ. 1777 మేలో తిరగబడ్డారు కూడా. వర్జీనియాలో బానిసలుగా ఉన్న నల్లవాళ్ల సంగతి చూడండి. 1775 నవంబరులో అక్కడి రాజప్రతినిధి లార్డ్ డన్మోర్, తిరుగుబాటుదార్ల బానిసల్లో ఎవరు వచ్చి రాజు తరఫున ఆయుధం పట్టినా స్వేచ్ఛ ఇస్తానని ప్రకటించాడు. వందల మంది ప్రాణాలకి తెగించి పారిపోయి వచ్చారు. జార్జి వాషింగ్టన్ సొంత తోట మౌంట్ వెర్నన్ నుంచి తప్పించుకున్న హ్యారీ వాషింగ్టన్ బ్రిటిష్ పక్షం చేరి, యుద్ధం అయ్యాక నోవా స్కోషియాకీ, 1792లో అక్కణ్ణుంచి ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కీ వెళ్లాడు. స్వేచ్ఛ కోసం సముద్రాలు దాటిన ఈ మనిషి చరిత్ర పుస్తకంలో "రాజభక్తుల" పద్దులో పడతాడు. స్థానిక అమెరికన్లైన ఇరోక్వా ఆరు తెగల్లో మోహాక్‌లు ఎక్కువగా బ్రిటన్ వైపు, వనైడాలు అమెరికన్ల వైపు వెళ్లారు. 1777 ఆగస్టులో ఒరిస్కనీ దగ్గర ఒకరి మీద ఒకరు ఆయుధాలెత్తారు. మోహాక్‌ల లెక్క స్పష్టం. అపలాచియన్ కొండలు దాటి వలసదార్లు రాకూడదని 1763లో గీత గీసింది రాజు. ఆ గీత చెరిపెయ్యాలని తహతహలాడింది కాలనీల వాళ్లు.

ఈ మనుషుల్ని ఒక వరసలో నిలబెట్టి "వీళ్లు ఇప్పటి ఫలానా పార్టీ" అని ఎలా అంటాం? లాయలిస్టు అనే పేరు ఒక్కటే. దాని కింద ఎవరి భయం వాళ్లది, ఎవరి ఆశ వాళ్లది. రాజు మూడువేల మైళ్ల దూరాన ఉన్నాడు, జమీందారు కంటి ముందున్నాడు. ఎదురుగా ఉన్నవాణ్ణి ఆపడానికి దూరాన ఉన్నవాడి పేరు పట్టుకున్నారు.

ఇది మన తెలుగువాళ్లకి కొత్త సంగతి కాదు. 1757 జనవరిలో బుస్సీ ఫ్రెంచి దళాన్ని బొబ్బిలి కోట మీదికి తీసుకెళ్లింది విజయనగరం విజయరామరాజు. ఆయనకి ఫ్రాన్సు మీద ఏ మమకారమూ లేదు, బొబ్బిలి మీద పగ ఉంది. ఆయన తర్వాత వచ్చిన ఆనంద గజపతి అదే ఫ్రెంచివాళ్ల మీదికి ఇంగ్లీషువాళ్లని పిలిచాడు, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. ఒకే సంస్థానం, రెండేళ్లు తిరక్కుండానే ఇద్దరు దొరలు. నేనిది ఊరికే పోలికకి తేవడం లేదు. అమెరికా అడవుల్లో జరుగుతున్నదీ ఆ బ్రిటన్-ఫ్రాన్స్ ఏడేళ్ల యుద్ధమే. ఆ యుద్ధపు అప్పులు తీర్చుకోవడానికే బ్రిటన్ 1765లో కాలనీల మీద స్టాంపు పన్ను వేసింది. ఆ ఏడాదే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కార్ల కోసం మొగలు పాదుషా దగ్గర ఫర్మానా సంపాదించింది.

ఎదుటి పక్షమూ అనుకున్నంత సూటిగా లేదు. పేట్రియట్లు చాలాకాలం తమని తాము ఇంగ్లీషువాళ్లుగానే చెప్పుకున్నారు, అడిగింది కూడా ఇంగ్లీషువాళ్ల హక్కులే. బంకర్ హిల్ దగ్గర నెత్తురు పారాక కూడా, 1775 జులైలో, కాలనీల ప్రతినిధుల సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్ రాజుకి సంధి అర్జీ పంపింది. యూరప్‌ని ప్రేమించేవాళ్లూ ద్వేషించేవాళ్లూ అన్న విభజన 1775లో ఏ ఊరికి వెళ్లి వెతికినా మీకు కనబడదు.

ఇక ఎక్కువమంది జనం ఎటూ తేలకుండా ఉండాలని చూశారు, ఉండనివ్వలేదు. 1774 అక్టోబరులో కాంగ్రెస్ బ్రిటిష్ సరుకు బహిష్కరించి, ప్రతి ఊళ్లో ఒక కమిటీ పెట్టమంది. మాట తప్పినవాడి పేరు పత్రికలో వేసి, వాడితో ఇచ్చిపుచ్చుకోవడాలు మానెయ్యాలి. మన మాటలో వెలి. తర్వాత విధేయతా ప్రమాణాలు వచ్చాయి. ఏ ప్రమాణమూ చెయ్యడం మతరీత్యా కుదరని క్వేకర్లు, మెన్నొనైట్లు కూడా పెన్సిల్వేనియాలో అనుమానితులైపోయారు. ఈ ఒక్కచోట ఇప్పటితో పోలిక నాకు నిజంగా కనిపిస్తుంది. ఏ పక్షమూ ఎత్తుకోనివాణ్ణి రెండు పక్షాలూ నిలదియ్యడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

అమ్మాయి వ్యాసంలో "మూడో వంతు పేట్రియట్లు, మూడో వంతు లాయలిస్టులు, మూడో వంతు తటస్థులు" అన్న లెక్క ఉంటే, దాన్ని జాగ్రత్తగా చూడమనండి. అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ అన్నాడని అందరూ రాసే మాట అది. 1815లో ఆయన రాసిన ఉత్తరంలోది. ఉత్తరం మొత్తం చదివితే ఆ మూడు వంతులూ ఫ్రెంచి విప్లవం గురించి అమెరికన్లు ఎలా చీలారో చెప్పేవి. లాయలిస్టుల సంఖ్య తెల్లవాళ్లలో 15 నుంచి 20 శాతం ఉండొచ్చన్నది ఇప్పటి చరిత్రకారుల అంచనా. ఈ పొరపాటుని నేను క్లాసులో కావాలని చాలాసేపు చెప్తాను. యూరప్ మీది అభిమానాలు అమెరికాని నిలువునా చీల్చిన కాలం విప్లవం నాటిది కాదు, ఆ తర్వాత పదిహేను, ఇరవై ఏళ్లకి వచ్చింది అని ఆడమ్స్ తనే చెబుతున్నాడు కాబట్టి.

అదే 1790ల దశకం. అమ్మాయి వ్యాసం అక్కడికి మారాలని నా కోరిక.

1793లో బ్రిటన్, ఫ్రాన్స్ మళ్లీ యుద్ధంలో పడ్డాయి. ఏప్రిల్‌లో వాషింగ్టన్ ఏ పక్షమూ వహించబోమని ప్రకటించాడు. ఆ నెలలోనే ఫ్రెంచి రాయబారి జెనే చార్ల్‌స్టన్ రేవులో దిగి, ఊరూరా విందులు అందుకుంటూ ఫిలడెల్ఫియా చేరాడు. ఫ్రాన్స్ వైపు మొగ్గిన అప్పటి విదేశాంగ మంత్రి జెఫర్సన్ అభిమానులు టోపీకి ఫ్రెంచి మూడు రంగుల గుర్తు పెట్టుకునేవాళ్లు. కొన్నేళ్లకి ఎదుటి పక్షం, అంటే మొదటి ఖజానా మంత్రి హామిల్టన్ వైపున్న ఫెడరలిస్టులు, నల్ల గుర్తు పెట్టుకున్నారు. టోపీ చూసి మనిషి పార్టీ చెప్పగలిగేవాళ్లు, వీధుల్లో దానికోసమే కొట్టుకున్నారు. (జెఫర్సన్ వాళ్లని అప్పట్లో రిపబ్లికన్లనేవారు. 1854లో పుట్టిన ఇప్పటి రిపబ్లికన్ పార్టీతో ఆ పేరుకి సంబంధం లేదు. పిల్లలు ఇక్కడ తరచు తడబడతారు.)

అసలు తుఫాను జే ఒప్పందంతో వచ్చింది. 1794 నవంబరులో అమెరికా తరఫున జాన్ జే లండన్‌లో బ్రిటన్‌తో ఆ ఒప్పందం మీద సంతకం చేశాడు. పశ్చిమాన ఇంకా ఖాళీ చెయ్యని కోటల్ని బ్రిటన్ వదిలెయ్యాలి, విప్లవానికి ముందు బ్రిటిష్ వర్తకుల దగ్గర అమెరికన్లు చేసిన అప్పుల లెక్క తేల్చాలి. బ్రిటిష్ నౌకాదళం అమెరికా నావికుల్ని బలవంతంగా పట్టుకుపోవడం గురించి అందులో ఒక్క మాట లేదు. సెనేట్ 1795లో సరిగ్గా 20-10తో, అంటే కావలసిన మూడింట రెండొంతులతో, రహస్యంగా ఆమోదించింది. జులైలో పాఠం బయటికి పొక్కగానే ఊరూరా జే దిష్టిబొమ్మలు తగలబడ్డాయి. న్యూయార్కులో ఒప్పందాన్ని సమర్థించబోయిన హామిల్టన్ మీద జనం రాళ్లు రువ్వారు.

ఎందుకంత కోపం? ఎవరి ఇంటి లెక్క వాళ్లు చూసుకున్నారు కాబట్టి. సమాఖ్య ప్రభుత్వ ఆదాయంలో ఎక్కువ భాగం దిగుమతి సుంకాలది, దిగుమతుల్లో పెద్ద వాటా బ్రిటన్ సరుకుది. బ్రిటన్‌తో యుద్ధం వస్తే హామిల్టన్ కట్టిన అప్పుల, బ్యాంకుల వ్యవస్థ కూలుతుంది. న్యూ ఇంగ్లండు ఓడల యజమానులకీ ఆ వర్తకమే బతుకు. వర్జీనియా పొగాకు తోటల యజమానులు బ్రిటిష్ వర్తకులకి బాకీదార్లు. యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వెంట వెళ్లిపోయిన బానిసలకి పరిహారం రాలేదన్న గుర్రు కూడా వాళ్లకుంది. ఒకరు క్రమం, స్థిరత్వం అంటూ బ్రిటన్‌ని చూపించారు, ఇంకొకరు స్వేచ్ఛ, సమానత్వం అంటూ ఫ్రాన్స్‌ని చూపించారు. ఆ ఆదర్శాలు బూటకాలని నేననను, వాటిని ప్రాణంగా నమ్మినవాళ్లున్నారు. ఏ దేశం ఎవరికి ఆదర్శమైందన్నది మాత్రం చాలామటుకు గల్లాపెట్టె దగ్గరే తేలింది.

ఇక్కడొక మాట నొక్కి చెప్పాలి. 1795లో "బ్రిటిష్ పార్టీ" అని తిట్లు తిన్న వాషింగ్టన్, హామిల్టన్, జే, ఆడమ్స్ అందరూ పేట్రియట్లు, రాజు మీద యుద్ధం నడిపినవాళ్లు. ఇంకోపక్క టెంచ్ కాక్స్‌ని చూడండి. 1777లో బ్రిటిష్ సైన్యం ఫిలడెల్ఫియా పట్టుకున్నప్పుడు దాని నీడన వ్యాపారం చేసుకున్నవాడు. 1790లో హామిల్టన్ కింద ఖజానా శాఖలో సహాయ కార్యదర్శి అయ్యాడు, ఆ తర్వాత బ్రిటన్ అంటే మండిపడే జెఫర్సన్ పక్షంలో చేరాడు. పాత లాయలిస్టు గీత ఇరవై ఏళ్లకే చెరిగిపోయిందంటే, రెండున్నర శతాబ్దాలు సాగి ఇప్పటి పార్టీల దాకా వచ్చిందని ఎలా అంటాం?

ఈ విదేశీ అభిమానాల తగవు 1798లో చట్టాలకెక్కింది. ఫ్రాన్స్‌తో ప్రకటించని యుద్ధం మొదలైన రోజుల్లో ఫెడరలిస్టులు నాలుగు చట్టాలు తెచ్చారు. పౌరసత్వానికి నిరీక్షణ అయిదేళ్ల నుంచి పద్నాలుగేళ్లకి పెంచారు, ఎందుకంటే కొత్తగా వచ్చే ఐరిష్, ఫ్రెంచి వలసదార్లు జెఫర్సన్‌కి ఓటేస్తున్నారు. ప్రభుత్వాన్ని విమర్శించిన సంపాదకుల్ని జైళ్లలో పెట్టారు. వెర్మాంట్ ప్రతినిధి మాథ్యూ లయన్ జైల్లో ఉండే మళ్లీ గెలిచాడు. 1802లో గడువు తిరిగి అయిదేళ్లయింది. ఆ నాలుగింటిలో శత్రుదేశీయుల చట్టం మాత్రం ఇప్పటికీ బతికుంది, 2025 మార్చిలో వెనిజులా వాళ్ల మీద ప్రయోగించారు కూడా. వీసా, గ్రీన్‌కార్డు వరసల్లో ఏళ్లూ పూళ్లూ గడిపే మన కుటుంబాల్లో ఈ పాఠం పిల్లలకి తప్పకుండా చెప్పుకోవాలని నేననుకుంటాను. ఇంట్లో వాళ్ల పార్టీ తగవు బయటినుంచి వచ్చినవాడి కాగితాల మీద పడటం ఈ దేశం అంత పాతది.

సరే, ఇప్పటి రోజులకి వద్దాం. 2024 ఏప్రిల్ 20న ప్రతినిధుల సభ ఉక్రెయిన్‌కి దాదాపు 61 బిలియన్ డాలర్ల సాయం 311-112తో ఆమోదించింది. వద్దన్న 112 మందీ రిపబ్లికన్లు. అవునన్న రిపబ్లికన్లు 101. డెమోక్రాట్లలో ఒక్కరూ వ్యతిరేకించలేదు. 1980లలో మాస్కో మీద నిప్పులు కక్కింది రీగన్ నాటి ఆ రిపబ్లికన్ పార్టీయే అని గుర్తున్నవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. 1795 తెలిసినవాళ్లకి ఉండదు. ఇంట్లో పార్టీ మారినప్పుడు దూరదేశపు మిత్రుడూ మారతాడు. 2022 ఆగస్టులో హంగరీ ప్రధాని ఓర్బాన్ డాలస్‌లో కన్జర్వేటివ్‌ల సభలో చప్పట్లు అందుకున్నాడు. 2015లో డెమోక్రాట్ల చర్చా వేదిక మీద బెర్నీ శాండర్స్ డెన్మార్క్‌ని చూసి నేర్చుకుందామన్నాడు. 2025 ఫిబ్రవరిలో ఉపాధ్యక్షుడు వాన్స్ మ్యూనిక్‌కి వెళ్లి, యూరప్ ప్రభుత్వాలు సొంత జనం గొంతు నొక్కుతున్నాయని యూరప్‌లోనే చెప్పి వచ్చాడు. కాబట్టి ఒక పార్టీ యూరప్ పక్షం, ఇంకోటి యూరప్ వ్యతిరేకం అనడం కుదరదు. ఎవరికి నచ్చిన యూరప్ వాళ్లు ఏరుకున్నారు. ఒకరి చూపు కోపెన్‌హాగన్ మీద, ఇంకొకరి చూపు బుడాపెస్ట్ మీద. మాట్లాడుతున్నది మాత్రం ఒహైయో గురించీ, టెక్సస్ గురించీ.

1776కీ ఇప్పటికీ ఉన్న పెద్ద తేడా ఇంకొకటుంది. అప్పుడు ఒక పక్షం బాహాటంగా "మేం రాజు ప్రజలం" అంది. ఇప్పుడు ఆ మాట అనేవాళ్లు ఎవరూ లేరు. 2009లో ఒబామా విధానాల మీద లేచిన ఉద్యమం బోస్టన్ టీ పార్టీ (విప్లవానికి ముందు పన్ను మీద కోపంతో తేయాకుని రేవులో పారబోసిన ఘటన) పేరు పెట్టుకుంది, చుట్టచుట్టుకున్న పాము బొమ్మ ఉన్న విప్లవకాలపు పసుపు జెండా పట్టుకుంది. 2025 జూన్‌లో ట్రంప్‌కి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చినవాళ్లు "మాకు రాజులొద్దు" అన్నారు. ఇద్దరూ పేట్రియట్ల వారసులమనే అంటున్నారు. అప్పటిది తండ్రి నుంచి వేరుపడే గొడవ. ఇప్పటిది తాత కట్టిన ఇల్లు ఎవరిదన్న దాయాదుల తగవు. దాయాదుల తగవులో విడిపోయి వెళ్లే దారి ఉండదు. విప్లవం తర్వాత ఉండేది. దాదాపు 60,000 మంది లాయలిస్టులు దేశం విడిచారు, ఎక్కువమంది ఇప్పటి కెనడాకే. న్యూ బ్రన్స్‌విక్ అనే రాష్ట్రం 1784లో ఏర్పడింది వాళ్ల కోసమే. ఇళ్లూ పొలాలూ జప్తయి, ప్రమాణాలు చెయ్యక జైళ్లపాలై వాళ్లు చెల్లించిన మూల్యం ముందు, ఇప్పటి పార్టీ కోపాల్ని పెట్టి సమానమనడానికి నాకు మనసొప్పదు.

అయితే కుటుంబాల్లోకి వచ్చిన చీలిక మాత్రం నన్ను కలవరపెడుతుంది. 1960లో మీ బిడ్డ ఎదుటి పార్టీవాళ్లని పెళ్లాడితే బాధపడతారా అని అడిగితే నూటికి నలుగురైదుగురు అవునన్నారు. 2010లో అదే ప్రశ్నకి డెమోక్రాట్లలో మూడో వంతు, రిపబ్లికన్లలో దాదాపు సగం అవునన్నారు. విధానాల మీద భేదం వేరు, వియ్యానికి పనికిరారనడం వేరు.

ఇక అమ్మాయి వ్యాసానికి నా సలహా. రెండు పార్టీలకి రెండు పూర్వీకుల్ని వెతకడం మానేసి ఒక్క ఇంటిని పట్టుకోమనండి: పేట్రియట్ల పెద్దల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇల్లు. కొడుకు విలియం న్యూ జెర్సీకి రాజు నియమించిన గవర్నరు. 1776 జూన్‌లో అరెస్టయ్యాడు, రెండేళ్లకి పైగా బందీగా ఉన్నాడు, 1782లో ఇంగ్లండు వెళ్లిపోయాడు. ముసలితనంలో ఒక్కగానొక్క కొడుకు తనని వదిలేశాడన్నంతగా తనని ఇంకేదీ నొప్పించలేదని తండ్రి 1784లో రాశాడు. మరుసటి ఏడు సౌతాంప్టన్‌లో ఇద్దరూ కొన్నాళ్లు కలిశారు, మనసులు కలవలేదు. వీలునామాలో కొడుక్కి దాదాపు ఏమీ మిగల్చలేదు, కారణం కూడా అందులోనే రాశాడు.

అదే ఇంట్లో కూతురి కొడుకు బెంజమిన్ బేష్. తాత దగ్గర పెరిగి, తాత దగ్గరే అచ్చు పని నేర్చాడు. సెనేట్ దాచిన జే ఒప్పందాన్ని 1795లో బయటపెట్టింది అతని పత్రికే. ఫ్రాన్స్ అంటే ప్రాణం, వాషింగ్టన్ ప్రభుత్వం అంటే నిప్పు. 1798లో రాజద్రోహం నేరం మోపి అరెస్టు చేశారు. విచారణకి రాకముందే, ఆ సెప్టెంబరులో, పచ్చజ్వరంతో ఇరవై తొమ్మిదేళ్లకి చనిపోయాడు. మేనమామ లండన్ వైపు, మేనల్లుడు పారిస్ వైపు, మధ్యలో ఫిలడెల్ఫియాలో ఆ పెద్దాయన. వీళ్లందరి ఉత్తరాలూ అమెరికా జాతీయ ఆర్కైవ్స్ వాళ్ల ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1784 ఆగస్టు ఉత్తరంతో మొదలుపెట్టమనండి. మీరు తూర్పు తీరంలోనే ఉంటే, ఫిలడెల్ఫియా మార్కెట్ వీధిలో మనవడి కోసం ఫ్రాంక్లిన్ కట్టించిన అచ్చాఫీసు చోటుని ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీసు చూస్తోంది. పాత పద్ధతిలో అచ్చుయంత్రం తిప్పి చూపిస్తారు. వ్యాసం రాయడం మొదలెట్టే ముందే ఒకసారి తీసుకెళ్లండి.